బిడ్డ కళ్ళు ఈరోజు కనబడలేదు

మా స్కానింగ్ మేడమ్ పోయారని మొన్న ఆదివారం పొద్దున్న ఫోన్ వచ్చింది. చేసింది ఆవిడ దగ్గర ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న ఆయా. "టీచరమ్మా, మేడమ్ గారు ఎల్లిపోయేరు. పిల్లని కూడా తీసుకురా" అని పెట్టేసింది. పెనం మీద అట్టు మాడిపోతోంది. నేను అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడ్డాను. ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తొమ్మిదేళ్ళుగా ఆవిడకీ నాకూ ఒక పోట్లాట నడుస్తోంది. అది తేలకుండానే, మాట మధ్యలో లేచి వెళ్ళిపోయినట్టు వెళ్ళిపోయారు.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. అనకాపల్లిలో మెయిన్ రోడ్డు వెనక సందులో, మేడ మెట్ల పక్కన ఒక స్కానింగ్ గది ఆవిడది. రావికమతం నుంచి, గొలుగొండ నుంచి, నక్కపల్లి నుంచి కడుపుతో ఉన్న ఆడవాళ్ళు బస్సులెక్కి వచ్చేవారు. ఆవిడ ఎవరికీ పురుడు పొయ్యలేదు. ఏ బిడ్డనీ ఎత్తి తల్లి చేతిలో పెట్టలేదు. అందుకే ఏ ఇంట్లోనూ పుట్టినరోజు నాడు ఆవిడని తలుచుకోరు. చీకటి గదిలో కూర్చుని, ఇంకా పుట్టనివాళ్ళ ముఖాలు చూసి, కాగితం రాసి పంపేవారు. అలాంటివాళ్ళ గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. ఊరికే పొగడ్డానికైతే కాదు.

మా అమ్మాయికి పుట్టుకతోనే రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఇప్పుడు నాలుగో తరగతి. దళసరి కళ్ళజోడు పెట్టుకుని, పుస్తకాన్ని జానెడు దూరంలో పట్టుకుని చదువుతుంది. బోర్డు మీద రాసింది కనబడదు. కొంచెం ముందు తెలిసి ఉంటే ఇంతకంటే బాగా చూసేది. ముందు ఎందుకు తెలియలేదన్నదే మా పోట్లాట.

ఐదో నెల స్కానింగ్‌కి వెళ్ళినప్పుడు నాకు ఆవిడ కొత్త. అవి చెరకు గానుగలు నడిచే రోజులు. మా ఆయన బెల్లం వండే పాక వదిలి రాలేనంటే, రావికమతం దగ్గర మా ఊరి నుంచి మా అత్తగారూ నేనూ బస్సులో వచ్చాం. మేడమ్ బల్ల మీద ఒక గిన్నెలో వేడినీళ్ళు, అందులో జెల్లు సీసా. చలికాలం పొట్ట మీద చల్లగా తగిలితే తల్లి ఉలిక్కిపడుతుందని అలా ఉంచేవారు. పక్కనే ఒక స్టీలు డబ్బా నిండా నల్లబెల్లం. తెల్లబెల్లం తెస్తే ఆయా మీద విరుచుకుపడేవారు. "రంగు కోసం ఏదో మందు కలిపేరే అందులో, నల్లదే తే" అని. కడుపులో బిడ్డని వాడనీ అదనీ ఎప్పుడూ అనేవారు కాదు. ఆ మాటలోనే మగో ఆడో బయటపడిపోతుందని, "లోపలి మనిషి" అనేవారు.

ఆ రోజు నా లోపలి మనిషి బోర్లా పడుకుని, ముఖం నా వెన్ను వైపు దాచుకుంది. మేడమ్ నా నోట్లో బెల్లం ముక్క పెట్టి, "సందు చివరిదాకా రెండుసార్లు నడిచి రా. తీపి తగిల్తే లోపలి మనిషికి హుషారొస్తుంది, తిరుగుతుంది" అన్నారు. నడిచాను. తిరగలేదు. ఇంకో ముక్క పెట్టి మళ్ళీ పంపారు. మళ్ళీ నడిచాను. అప్పటికీ తిరగలేదు. బయట వరండా నిండా ఆడవాళ్ళు. కరెంటు పోయి ఇన్వర్టర్ కుయ్ కుయ్ మంటోంది. మేడమ్ ఏదో రాసుకుని, "సరే, లే అమ్మా" అన్నారు. ఆయా రిపోర్టు కవరు చేతిలో పెట్టింది.

బస్సులో మా అత్తగారు అడిగారు. "బాగున్నాదన్నాదేటి డాట్రమ్మ?"

"బాగుందనే అన్నారు" అన్నాను.

ఆవిడ అలా అనలేదు. అసలు ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే బాగున్నట్టే అని నేను అనుకున్నాను. నేను టీచర్ని. పిల్లలకి ఇంగ్లీషు చెప్పి జీతం తీసుకుంటున్నాను. ఒళ్ళో ఉన్న కవరు విప్పి రెండు పేజీలు చదవడానికి నాకేం అడ్డం వచ్చిందో ఈ రోజుకీ తెలియదు.

ఇంటికి రాగానే మా అత్తగారు ఆ కవరు నాలుగు మూలలకీ పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టారు. మా ఇంట్లో అదొక పద్ధతి. కడుపులో బిడ్డ ఫొటోలు నలుగురి కంటా పడితే దిష్టని, కాన్పుకి వెళ్ళే రోజు దాకా ఆ కవరు తీయరు. రోజూ దీపం పెట్టినప్పుడు దానికీ దణ్ణం పెట్టేవాళ్ళం. నాలుగు నెలలు, రెండు పూటలా. లోపల ఏముందో చూడకుండా.

ఏముందంటే, రెండో పేజీ మధ్యలో, చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో ఒక లైను. బిడ్డ పడుకున్న తీరు వల్ల ముఖం, కళ్ళు సరిగా చూడలేకపోయాం, వారం తరవాత మళ్ళీ రావాలి అని. కాన్పు రోజున కవరు విప్పిన డాక్టరు పేజీ తిప్పి చివరి లైను చూశారు. ఒకే బిడ్డ, ప్రాణంతో ఉంది, ఎదుగుదల బాగుంది. మూసేశారు. చివరి లైను తప్ప ఎవరూ చదవరని నాకు తరవాత తెలిసింది.

ఎండాకాలం పుట్టింది మా అమ్మాయి. పురిటి గదికి కిటికీలు మూసి, తడి దుప్పట్లు కట్టారు. ఇరవై ఒకటో రోజు దాకా బయటి వెలుతురు లేదు. ఆ తరవాత కూడా దిష్టని పిల్లని గడప దాటనివ్వలేదు. కళ్ళు పెద్దవవ్వాలని మా అత్తగారు మూడో రోజు నుంచే ఆముదపు కాటుక దట్టంగా పెట్టేవారు. ఆ చీకట్లో, ఆ కాటుకలో, నా బిడ్డ కంటిపాప నల్లగా ఉందో తెల్లగా ఉందో ఎవరికి కనబడుతుంది? దీపం వైపు చూడటం లేదని నాకు అనుమానం వచ్చింది. చెప్పాను. "పసిగుంట, అప్పుడే ఏటి సూత్తాది?" అన్నారు మా అత్తగారు. మూడో నెలలో ఒకరోజు వాన వెలిసి ఎండ కాస్తే పిల్లని అరుగు మీదకి తెచ్చాను. రెండు కంటిపాపల్లోనూ తెల్లగా, పాలచుక్క పడ్డట్టు ఉంది. ఊళ్ళో అందరూ కంట్లో పువ్వన్నారు. చుక్కల మందు పోయించారు. దానికి ఇంకో నెల పోయింది. చివరికి విశాఖపట్నం తీసుకెళ్తే అక్కడి కళ్ళ డాక్టరు లైటు వేసి చూసి, "మొదటి రెండు నెలల్లో ఎందుకు తేలేదమ్మా? చూపు నేర్చుకునే వయసు అది" అన్నారు. ఆపరేషన్ చేశారు. చెయ్యగలిగింది చేశారు.

తిరిగి వచ్చాక పాత కవరు తీసి మొదటిసారి పూర్తిగా చదివాను. ఆ లైను దగ్గర నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లని చంకనేసుకుని, మా అత్తగారు వెంట వస్తుంటే, అనకాపల్లి బస్సెక్కాను. దారంతా ఏమేం తిట్టాలో అనుకుంటూనే ఉన్నాను. మేడమ్ గదిలో ఎవరో పడుకుని ఉన్నా లెక్కచెయ్యకుండా లోపలికి వెళ్ళి కాగితం బల్ల మీద కొట్టాను.

ఆవిడ ముందు ఆ పడుకున్నామె చీర సర్ది బయటకి పంపారు. తరవాత కాగితం చదివారు. పిల్లని వెలుతురులోకి పట్టుకోమని, కళ్ళు చూశారు. తన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"రాసేను" అన్నారు. "రాసి చేతులు దులుపుకున్నాను. నీతో చెప్పలేదు."

"చెప్పుంటే వారానికి వచ్చేదాన్ని కదా! అప్పుడు తెలిసేది కదా!"

"తెలిసేదో లేదో చెప్పలేనమ్మా. అన్నీ ఐదో నెల్లో కనబడవు. నేను బాగా చూసినా దొరక్కపోవచ్చు. కానీ నేను చూడలేదన్న సంగతి నీకు తెలియాలి. అది తెలిసుంటే పుట్టిన రోజునే కళ్ళు చూపించుకునేదానివి. అది నావల్ల పోయింది."

వాదిస్తారనుకున్నాను. కాగితం చూపించి, ఇదిగో రాశాం కదా, చదువుకున్నదానివి చదవలేదేం అంటారనుకున్నాను. ఆ ఒక్క మాట అని ఉంటే ఆవిడని చీల్చి చెండాడేదాన్ని. అనలేదు. ఆ తరవాత తొమ్మిదేళ్ళలోనూ ఒక్కసారి కూడా అనలేదు. తిట్టడానికి వెళ్ళినవాళ్ళకి ఆ సందు ఇవ్వకపోవడం కూడా ఒక రకం మొండితనమే. నా కోపం ఎక్కడ దించుకోవాలో తెలియక దాన్ని అలాగే మోసుకుని తిరిగాను.

మధ్యలో మా అత్తగారు అందుకున్నారు. "ముందుగాల తెలిసుంటే తీయించీసేవోలం కాదేటి, ఈ పాట్లు లేకుండా."

పిల్ల నా చంకలోనే ఉంది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. నేను నోరు తెరిచేలోపే మేడమ్ కుర్చీలోంచి లేచారు. "అమ్మా, నేను మిషను పెట్టుకున్నది మనిషిని ఉంచాలా తీసెయ్యాలా అని ఓట్లెయ్యడానికి కాదు. పుట్టిన రోజున ఏ డాక్టరు దగ్గరకి పరిగెత్తాలో మీకు ముందే తెలియడానికి. ఆ పిల్ల ముందు ఇంకెప్పుడూ ఆ మాట అనకండి."

మా అత్తగారు మళ్ళీ అనలేదు. ఇది కూడా చెప్పాలి. ఇప్పుడు రోజూ పొద్దున్న పిల్ల కళ్ళజోడు చీర చెంగుతో తుడిచి పెట్టేది ఆవిడే. నేను తుడిస్తే గీతలు పడతాయంటారు.

నెల తిరక్కుండా మేడమే ఫోన్ చేశారు. "నువ్వు టీచరువి కదా, ఆ లైను తెలుగులో ఎలా రాయాలో చెప్దువు గాని, రా" అని. వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. బల్లకి అటూ ఇటూ కూర్చున్నాం. నేను పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు కటకం, నేత్ర కుహరం అని రాస్తే ఆవిడ ఆయాని పిలిచి చదివించారు. "ఇదేటి, గుల్లో మంత్రమా?" అంది ఆయా. మేడమ్ పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు గానీ కాగితం చింపి మళ్ళీ రాశాను. అలా నాలుగైదు కాగితాలు చింపాక ఇది మిగిలింది:

"బిడ్డ కళ్ళు ఈరోజు కనబడలేదు. బాగున్నాయని కాదు, బాగులేవని కాదు. వారం ఆగి మళ్ళీ రావాలి. రాలేకపోతే పుట్టిన రోజునే కళ్ళ డాక్టరుకి చూపించాలి. కాటుక పెట్టొద్దు."

కాటుక మాట నా పట్టుదల. ఆవిడ ఆ మాటలన్నీ ఎర్ర కాగితం మీద అచ్చు వేయించారు. కవరు లోపల పెట్టలేదు, పైన అతికించారు. దేవుడి గూట్లో పెట్టినా కనబడేలా. తెరిపి ఉన్నప్పుడు తెర తల్లి వైపు తిప్పి, "ఇదిగో ఒక కన్ను. ఇదిగో రెండో కన్ను" అని వేలు పెట్టి చూపించేవారు. కనబడకపోతే కాగితం ఇచ్చి ఊరుకునేవారు కాదు. "నేనేటి చెప్పేనో నువ్వు చెప్పు" అని అడిగేవారు. పల్లెటూరి అమ్మాయిలు సిగ్గుపడి తల వంచుకునేవారు. చెప్పేదాకా వదిలేవారు కాదు. బయట ఆడవాళ్ళు ఆలస్యమవుతోందని గొణిగేవారు. "రాసింది చెప్పినట్టు కాదు, చెప్పింది విన్నట్టు కాదు" అనేవారు. ఈ మాట ఆవిడ నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్నప్పుడల్లా, ఈ తెలివి నా వంతు వచ్చిన రోజున ఎక్కడికి పోయిందని అనుకునేదాన్ని. ఒకసారి ముఖం మీదే అనేశాను.

"నీ దగ్గరే నేర్చుకున్నానమ్మా" అన్నారు. "అది నీకు న్యాయం కాదు, నాకు తెలుసు."

కొన్నాళ్ళకి గొలుగొండ వైపు నుంచి ఒకామె వచ్చింది. ఎర్ర కాగితం పట్టుకుని వారానికి మళ్ళీ వస్తే, బిడ్డ ఒక కన్నులో తెల్లచుక్క కనబడింది. మేడమ్ వెంటనే విశాఖపట్నం ఫోన్ చేసి మాట్లాడారు. పుట్టిన రెండో రోజునే కళ్ళ డాక్టరు చూశారు, నెలన్నరకి ఆపరేషన్ అయింది. ఏడాది దాటాక ఆ తల్లి పిల్లాణ్ణి తీసుకుని వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. వాడు ఆ గది మూల ఎగురుతున్న ఈగని చూసి వేలు చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను బయటకి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. సంతోషంతో కాదు. మంచిదాన్నని చెప్పుకోవాలని లేదు. ఆ ఈగ నా కూతురికి కనబడాల్సింది. మేడమ్ వచ్చి పక్కన కూర్చున్నారు. ఓదార్చలేదు. నా చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టి, తను ఒకటి నోట్లో వేసుకున్నారు. ఇద్దరం చప్పరిస్తూ కూర్చున్నాం.

పిల్లకీ ఆవిడకీ వేరే స్నేహం ఉండేది. మా అమ్మాయి ఎవరినైనా చూడాలంటే ముఖంలో ముఖం పెట్టాలి. చుట్టాలు వెనక్కి జరుగుతారు. "ఏటే, మీదకొచ్చేత్తన్నావు?" అని నవ్వుతారు. మేడమ్ మాత్రం కదిలేవారు కాదు. "చూడు, తనివితీరా చూడు" అని కళ్ళు పెద్దవి చేసి కూర్చునేవారు. "ఒక కన్ను. రెండో కన్ను. మీకూ కళ్ళజోడే" అనేది మా అమ్మాయి. "లేకపోతే నాకు నువ్వు కూడా కనబడవే" అనేవారు ఆవిడ.

కిందటేడు ఆవిడ మంచాన పడ్డారు. గది వేరే ఆయన చేతికి వెళ్ళింది. కొత్త మిషను, కొత్త కుర్చీలు. మా పక్కింటి కోడల్ని తీసుకువెళితే తెల్లటి కవరు చేతిలో పెట్టారు. పైన ఏమీ లేదు. ఎర్ర కాగితం ఏదండీ అని అడిగాను. "అన్నీ రిపోర్ట్‌లోనే ఉంటాయి మేడమ్. మా సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఫాంట్ లేదు" అన్నాడాయన, ఎంతో మర్యాదగా. వరండాలోనే కవరు విప్పి రెండు పేజీలూ చదివి, ఆ అమ్మాయికి తెలుగులో చెప్పాను. వరసలో ఉన్న మరో ఇద్దరు తమవీ చదవమన్నారు. చదివాను. మిగతావాళ్ళు? రోజూ నేను అక్కడ కూర్చోలేను. బడి ఉంది.

చివరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు మేడమ్ అడిగిన మొదటి మాట అదే. "కాయితం ఇస్తున్నారా?"

"ఇస్తున్నారు" అన్నాను.

బస్సులో మా అత్తగారితో అబద్ధం ఆడినట్టే ఆడాను. ఆవిడ నమ్మారో లేదో తెలియదు. నా వైపు తిరిగి, "నేనేటి అడిగేనో చెప్పు" అన్నారు. నేను తల వంచుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నానికి ఆ ఇంటికి చేరాం. హాల్లో ఫ్రీజర్ పెట్టె. చుట్టూ కుర్చీల్లో డాక్టర్లు, బంధువులు. గోడ పక్కన నిలబడి పల్లెల నుంచి వచ్చిన కొందరు ఆడవాళ్ళు. వాళ్ళెవరో ఇంటివాళ్ళకి తెలియదు. అందరూ దూరం నుంచి దణ్ణం పెట్టి జరుగుతున్నారు. మా అమ్మాయి అలా కుదరదు కదా. నా చెయ్యి వదిలించుకుని వెళ్ళి పెట్టె అద్దానికి ముఖం ఆనించింది. ఎవరో పెద్దాయన, "పాపా, దూరంగా ఉండమ్మా, అలా ముట్టుకోకూడదు" అన్నారు.

"దూరం నుంచి దానికి కనబడదండి" అన్నాను. నా గొంతు హాలంతా వినబడింది. "చూడనివ్వండి."

చల్లదనానికి అద్దం మసకబారి ఉంది. పిల్ల దాన్ని గౌను అంచుతో తుడిచింది. దాని ఊపిరికే మళ్ళీ మసకబారింది. మళ్ళీ తుడిచింది. అలా చాలాసేపు చూసి నా వైపు తిరిగింది.

"అమ్మా, కళ్ళజోడు పెట్టలేదేటి?"

ఆయా లోపలికి వెళ్ళి, మంచం పక్క బల్ల మీద నుంచి కళ్ళజోడు తెచ్చింది. చీర చెంగుతో తుడిచింది. ఎవరినీ అడక్కుండా పెట్టె మూత ఎత్తి, ఆవిడ ముఖానికి సరిగ్గా పెట్టి, మూత దించింది. అద్దం మీద మళ్ళీ ఆవిరి పట్టింది. మా అమ్మాయి గౌను అంచుతో తుడిచి, ముఖం ఆనించి, చూస్తూ నిలబడింది.